తువ్వాల కింది చేయి

పుంగనూరు పశువుల సంతలో దళారీ పని చేస్తూ తల నెరిసిన మనిషి రెడ్డెప్ప. నోటితో పెద్దగా పని లేని వృత్తి అది. అమ్మేవాడి చేతిని, కొనేవాడి చేతిని ఒకదాని తరవాత ఒకటి తన తువ్వాల కిందికి తీసుకునేవాడు. వేళ్లు పట్టి ధర చెప్పేవాడు, వేళ్లు పట్టించుకుని ధర వినేవాడు. చుట్టూ జనం మూగి చూస్తున్నా ఆ గుడ్డ కింద ఏం నడుస్తోందో మూడో మనిషికి తెలిసేది కాదు. బేరం తెగాక తువ్వాల ఎత్తి, దులిపి, భుజాన వేసుకున్నప్పుడే ధర బయటపడేది.

ఇప్పుడా పని పలచబడింది. ఎద్దును ఫోటో తీసి ఫోనులో పెట్టి, ధర కూడా దాని కిందే రాసేస్తున్నారు. మోకాళ్లు కూడా మధ్యాహ్నం దాకా నిలబడనివ్వడం లేదు. ఎప్పుడైనా సంతకు పోతే పాత అలవాటు కొద్దీ పోవడమే. రోజూ చేసే పని మాత్రం ఒకటుంది. మనవరాలిని అంగన్‌వాడీకి తీసుకుపోవడం, అన్నం తిన్నాక ఇంటికి తీసుకురావడం.

మనవరాలి పేరు హరిత. నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. కొడుకు సురేంద్ర మదనపల్లె మార్కెట్టులో టమోటా ఎత్తుకుని ఎక్కడెక్కడికో లారీ తోలుతాడు. ఇంటికి వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. కోడలు వసుధ బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీ బస్సు తెల్లవారకముందే ఊరి మలుపులో హారను కొట్టి ఎక్కించుకుపోతుంది, పొద్దుగూకినాక దించిపోతుంది. రెడ్డెప్ప భార్య కాలం చేసి చాలా ఏళ్లయింది. కాబట్టి పగలంతా ఇంట్లో తాత, మనవరాలు. ఇద్దరికీ మాటలు తక్కువ.

హరిత "తా" అంటుంది, "మ్మ" అంటుంది, ఇంకో నాలుగైదు ముద్దమాటలు అంటుంది. "తాత పోలిక. నోరు తెరిస్తే అరిగిపోతాదని భయం" అని సురేంద్ర నవ్వేవాడు. లారీ హారను కొడితే బిడ్డ తిరిగి చూస్తుంది. జాతరలో పలక డప్పు మోగితే ఎగురుతుంది. అట్లాంటప్పుడు చెవుల మీదికి ఎవరి ఆలోచన పోతుంది?

రెడ్డెప్ప ఆలోచన పోయింది. బిడ్డ తప్పటడుగులు వేసేనాటికే పోయింది. ఆయనకు మునెమ్మ అని ఒక అక్క ఉండేది. చిన్ననాట జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఊరంతా ఆమెను మూగమ్మ అన్నారు. ఎవరూ పక్కన కూర్చుని మాట్లాడింది లేదు. బతికినన్నాళ్లు గొడ్ల వెంట తిరిగింది. పోయినరోజు పలక కొట్టి ఊరికి చెప్పినవాడు కూడా మూగమ్మ పోయింది అనే చెప్పాడు. సొంత పేరు చావులో కూడా దక్కలేదు ఆమెకు. మనవరాలు మనిషి ముఖం వంక ఆకలిగొన్నట్టు చూసే చూపు అక్క చూపే. ఆ సంగతి గుర్తుపట్టిన రోజు రెడ్డెప్ప అన్నం తినలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. చెబితే ఆ పేరు వచ్చి ఈ బిడ్డకు అంటుకుంటుందని ఆయన భయం.

చెప్పకుండా తనకు చేతనైంది చేశాడు. అరుగు మీద చింతగింజలు పోసి, బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, తువ్వాల కప్పి, దాని కింద చిన్న చేతిని పట్టుకున్నాడు. మూడు వేళ్లు పట్టి మూడు గింజలు తీసి చూపాడు. చేయంతా పట్టి ఐదు తీశాడు. చేయంతా పట్టి, విడిచి, మళ్లీ రెండు వేళ్లు పడితే ఏడు. బొటనవేలు నొక్కితే ఎద్దు, చిటికెన వేలు నొక్కితే కోడి. సంతలో కుర్రదళారీలకు నెలల తరబడి పట్టని విద్య ఆ పిల్లకు ఇట్టే పట్టుబడింది. తువ్వాల చూస్తే చాలు, బిడ్డ పరుగున వచ్చి ఒడిలో కూర్చుని చేయి లోపలికి పెట్టేది. దాని చదువూ అదే, ఆటా అదే.

ఒకరోజు మధ్యాహ్నం బిడ్డను తీసుకురావడానికి పోయినప్పుడు టీచరు మునీశ్వరి ఆయనను ఆపింది. మునీశ్వరిది ఆ ఊరే. ఆయా సెలవు పెట్టడంతో అన్నం గిన్నెలు తనే తోముతోంది. చేతులకు బూడిద, కళ్ల కింద నలుపు.

"సిన్నాయనా, ఒక మాట. కూసో."

"కూసుంటే లేయలేను. సెప్పు."

"ఎనకాల నిలబడి పిలిస్తే పాప తిరిగి సూడదు. నెలగా సూస్తాండా. ముందర నిలబడితే నా నోటి పక్కే సూసి తల ఊపుతాది. పాటకు పిల్లోళ్లంతా సప్పట్లు కొడితే, వాళ్లను సూసి ఆఖర్లో ఇది కొడతాది."

"సిగ్గు."

"సిగ్గు కాదు సిన్నాయనా. సెవి."

రెడ్డెప్ప గోడ వంక చూశాడు. గోడకు రంగుల పటం వేలాడుతోంది. ఏ వయసుకు బిడ్డ ఏమేం చేయాలో దాని మీద బొమ్మలతో రాసి ఉంది. కూడబలుక్కుని చదవగలడాయన. నాలుగు నిండిన బిడ్డ తన పేరు చెప్పాలి. పది దాకా లెక్కపెట్టాలి. ఒకేసారి రెండు పనులు చెబితే ఒకదాని తరవాత ఒకటి చేయాలి. కథ విని తిరిగి చెప్పాలి. చదువుతుంటే ఆయనకు సంత గుర్తొచ్చింది. కోడె రెండు పళ్లు వేసే వయసుకు కాడి అలవాటు పడాలి, నాలుగు పళ్లకు బండి లాగాలి. ఏ వయసుకు ఆ పని. ఆ లెక్కకు నిలవని కోడె గతి ఏమిటో ఆయనకు తెలుసు.

మునీశ్వరి గిన్నె బోర్లించి లేచింది. "శుక్రవారం ఆఫీసు నుంచి మేడమొస్తాది. ఒక్కో బిడ్డను సూసి ఫోన్లో రంగు పెడతాది. అన్నీ చేస్తే పచ్చ. కొన్ని చేస్తే పసుపు. చేయలేకుంటే ఎరుపు. ఎరుపు పడినోళ్లకే కుప్పం ఆసుపత్రికి చీటీ రాస్తారు. ఆడ సెవులు సూసి, ఊరికే మిషను పెడతారు. ఐదేండ్ల లోపల పెడితే మాటలొస్తాయంట. ఆలస్యమయ్యే కొద్దీ కష్టమంట. మళ్లా రంగులు పెట్టేది వచ్చే ఏడే."

"ఎరుపు" అన్నాడు రెడ్డెప్ప.

"అది శిక్ష కాదు సిన్నాయనా. ఈ బిడ్డకు తోడు కావాలని ఒక గుర్తు."

"గొడ్డుకు వాత పెట్టేదీ గుర్తుకే."

మునీశ్వరికి వాదించే ఓపిక లేదు. చీర కుచ్చిళ్లకు చేతులు తుడుచుకుంది. "వసుధకు నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"నేనే సెప్తాలే."

ఆ సాయంత్రం వసుధ బస్సు దిగి వచ్చి, చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చుంది. పొద్దంతా మిషను తొక్కిన కాళ్లు వాచి ఉన్నాయి. హరిత వెళ్లి అమ్మ వీపుకు అంటుకుంది.

"పాప ఏమన్నా మాట్లాడిందా మామా ఈ పొద్దు?"

"అన్నం తినింది" అన్నాడు రెడ్డెప్ప.

"తినింది సరే." వసుధ గోడకు తల ఆనించింది. "కంపెనీలో ఒక్కోతి ఫోను తీసి సూపిస్తాది. వాళ్ల బిడ్డ పాట పాడేది, వాళ్ల బిడ్డ ఫోన్లో అలిగేది. నా కూతురు నన్ను సూసి నవ్వతాది. అంతే. శుక్రవారం మేడమొచ్చి రంగులు పెడతాదని బస్సులో సెప్తాంటే ఇని, పూటకు సెలవు అడిగినా. సూపర్‌వైజరు మొగం మాడ్చుకున్నాడు, మాడ్చుకోనీ. పచ్చ వస్తే సాలు మామా. నా బిడ్డకు ఏ కొరతా లేదని ఒకరు సెప్తే సాలు."

చెప్పాల్సిన మాట రెడ్డెప్ప గొంతు దాకా వచ్చింది. కోడలి ముఖం చూశాడు. మాట వచ్చిన దారినే పోయింది.

మరునాడు సంత. ఇంట్లో ఉండలేక బిడ్డను అంగన్‌వాడీలో విడిచి పుంగనూరు పోయాడు. చింతచెట్టు నీడలో పాత దళారీ మునిచంద్ర బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"ఏమప్పా రెడ్డెప్పా, మీ ఊరికి పిల్లోళ్ల పళ్లు సూసేదానికి మేడమొస్తాందంట కదా. మా సెల్లెలి మనవడు కూడా ఆడే ఉండాడులే. నీ మనవరాలు రెండు పళ్లా, నాలుగు పళ్లా?"

"నీకు ఉండేవి ఎన్నో లెక్కబెట్టుకో ముందు."

"నావి రాలిపోయినా నేను అమ్ముడుపోతానప్పా. నిన్ను ఊరికే ఇచ్చినా ఎవురూ తోలకపోరు."

రెడ్డెప్ప నవ్వలేదు. ఎదురుగా ఒక ఆసామి తన ఎద్దును నడిపించి చూపిస్తున్నాడు. గట్టినేల అంత ఉండగా, పేడా గడ్డీ తొక్కి మెత్తబడిన జాగాలోనే అటూ ఇటూ తిప్పుతున్నాడు. ముందుకాలు కుంటు ఉన్న ఎద్దును అట్లాగే తిప్పుతారు. మెత్తని నేల మీద కుంటు తెలియదు. కొనేవాడు తల ఊపుతున్నాడు.

"సూసినావా" అన్నాడు మునిచంద్ర మెల్లగా. "ఆ మెత్తన దాటేదాకానే దాని అందం."

రెడ్డెప్ప వినీ విననట్టు లేచాడు. ఇంటికి వచ్చే దారి పొడవునా ఆయన కళ్లలో ఆ మెత్తని నేలే ఉంది. మునిచంద్ర అన్న మాట మాత్రం చెవిలోకి ఎక్కలేదు. ఆ సాయంత్రం నుంచి చింతగింజల ఆట ఎక్కువైంది.

శుక్రవారం అంగన్‌వాడీ వాకిట్లో తల్లులు, అవ్వలు చేరారు. వసుధ కూడా వచ్చింది. మేడమ్ స్కూటరు దిగింది. సన్నటి మనిషి. ఆమె చేతి కింద రెండు మండలాల కేంద్రాలు. పొద్దున్నుంచి తిరిగి తిరిగి గొంతు బొంగురుపోయింది. ఫోనును మునీశ్వరి చేతికిచ్చి చార్జింగు పెట్టించి, మంచినీళ్లు తాగి, చాప మీద కూర్చుని పిల్లలను ఒక్కొక్కరిని పిలిచింది. పిల్లల ముందు రంగు బిళ్లలు, బొమ్మలు, కొబ్బరిచిప్పలో చింతగింజలు.

హరిత వంతు వచ్చింది. కొత్తమనిషిని చూసి తాత పంచె పట్టుకుని కదలలేదు.

"భయపడుతోంది. పోనీ, తాత ఒడిలోనే కూర్చోనివ్వండి" అంది మేడమ్.

రెడ్డెప్ప కూర్చుని బిడ్డను ఒడిలోకి తీసుకున్నాడు. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి కాళ్ల మీద పరిచాడు. ఆ పరచడం చూడగానే బిడ్డ ముఖం విప్పారింది. ఎడమచేయి గుడ్డ కిందికి పోయింది.

రంగు బిళ్లలు తనంతట తనే వేరు చేసింది. కళ్లతో చేసే పని అది. పొడవు, పొట్టి కూడా సరిగ్గానే పెట్టింది. మేడమ్ గింజల చిప్ప ముందుకు జరిపి, "ఏడు గింజలు తీసి ఇందులో పెట్టు తల్లీ" అంది. బిడ్డ ఆమె పెదవులను చూస్తోంది. గుడ్డ కింద ముసలి చేయి చిన్న చేతినంతా పట్టి, విడిచి, రెండు వేళ్లు పట్టింది. హరిత ఏడు గింజలు తీసిపెట్టింది.

"ఎద్దు ఏది? చూపించు."

బొటనవేలు. హరిత ఎద్దు బొమ్మ మీద వేలు పెట్టింది.

"కోడి?"

చిటికెన వేలు.

"పేరేంటమ్మా?" అంటూ మేడమ్ వేలు బిడ్డ గుండెకేసి చూపింది. "ఇ... త" అంది హరిత.

"మాట ముద్దగా ఉంది. వస్తుందిలే. లేచి వెళ్లి ఆ బంతి తెచ్చి, తరవాత తలుపు మూసి రా."

దానికి రెడ్డెప్ప దగ్గర వేలు లేదు. బిడ్డ కదలలేదు. ఇంతలో పక్కన ఒక పిల్లవాడు గింజ ముక్కులో పెట్టుకున్నాడని వాళ్ల అవ్వ కేక పెట్టింది. మేడమ్ అటు పరిగెత్తి, గింజ తీయించి, తిరిగి వచ్చి కూర్చుని నుదురు తుడుచుకుంది. "ఎక్కడున్నాం? ఆ, సిగ్గెక్కువ ఈ పిల్లకు. మిగతావన్నీ బాగా చేసింది." ఫోను మీద వేలు నొక్కింది. పచ్చ.

వసుధ సంచిలోంచి చిక్కీలు తీసి అందరికీ పంచింది. కోడలు అట్లా నవ్వడం రెడ్డెప్ప చూసి చాలా కాలమైంది. ద్వారం దగ్గర నిలబడ్డ మునీశ్వరి మాత్రం చిక్కీని చేతిలోనే ఉంచుకుంది. ఆమె కళ్లు తువ్వాల మీదే ఉన్నాయి.

కొళాయి దగ్గర రెడ్డెప్ప చేయి కడుక్కుంటుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"గుడ్డ కింద ఏం బేరం సేసినావు సిన్నాయనా?"

రెడ్డెప్ప నీళ్లు కట్టేయలేదు.

"నాకు కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. అంతమందిలో నోరు తెరిసి నిన్ను పలచన చేయలేకపోయినా. అది నా తప్పే అనుకో. ఒక్కటి సెప్పు. రేపు బళ్లో అయివారు పాఠం సెప్తాంటే దాని పక్కన కూసోని తువ్వాల ఎవురు పరుస్తారు?"

కొళాయి ఆమే కట్టేసి వెళ్లిపోయింది.

ఇంకా వెలుతురు ఉండగానే వసుధ పక్కింటి రామక్కను పిలుచుకొచ్చింది. రామక్క పెద్దమనిషి, ఊళ్లో ఏ బిడ్డ ఎప్పుడు పాకిందో, ఎప్పుడు నడిచిందో ఆమె నాలుక మీదే ఉంటుంది. వసుధ అరుగు మీద గింజలు పోసి కూతురిని ముందర కూర్చోబెట్టింది.

"సూడు రామక్కా. పాపా, ఏడు గింజలు తీయమ్మా."

హరిత అమ్మను చూసి నవ్వింది.

"తీయమ్మా. ఆడ తీసినావు కదా, ఏడు."

హరిత ఇంకా నవ్వింది.

"ఆడ సేసిందంటివే, ఈడ యాల సేయదు?" అంది రామక్క. "మనముందర సేస్తే దిష్టి తగులుతాదనేమో."

"మేడం ముందర గడగడ సేసింది రామక్కా. పాపా, ఇట్ల సూడు. ఏడు."

ఏదో అడుగుతున్నారని బిడ్డకు అర్థమైంది. ఏం అడుగుతున్నారో తెలుసుకునే దారి కూడా దానికి తెలుసు. లేచి, మంచం మీద కూర్చున్న తాత దగ్గరికి పోయింది. భుజం మీది తువ్వాల లాగింది. ఒడిలోకి ఎక్కి, ఆ గుడ్డను కాళ్ల మీద తనే పరుచుకుంది. చేయి లోపల పెట్టి, తాత చేతిని వెతికి పట్టుకుని, అమ్మ వంక తిరిగి ఎదురుచూసింది.

వసుధ నవ్వు అట్లాగే ముఖం మీద ఉండిపోయింది. మెల్లగా వచ్చి మంచం ముందు గొంతుక్కూర్చుని తువ్వాల ఎత్తింది. కింద ముసలి వేళ్లలో చిన్న వేళ్లు ఉన్నాయి.

"ఇదేంది మామా?"

రెడ్డెప్ప చేయి వెనక్కి తీసుకోలేదు.

"పాపకు ఇనపడదమ్మా. మా మునెమ్మక్క మాదిరి."

రామక్క నోట్లో మాట మింగి, కొంగు సర్దుకుని, దిగి వెళ్లిపోయింది.

"నీకు ఎప్పుటినుంచి తెలుసు?"

"నడక వచ్చినప్పుటినుంచి."

వసుధ అరవలేదు. అరిస్తే రెడ్డెప్పకు తేలికగా ఉండేది. అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. మొదట ఆమె మాటలు ఆయనతో అన్నట్టు లేవు.

"అలిగిందనుకున్నా మామా. తెల్లారేలోపల ఇడిసిపెట్టి పోతాండా కదా, అందుకే నాతో మాట్లాడదనుకున్నా. మూడేండ్లుగా అట్లే అనుకున్నా. బస్సులో రోజూ అదే. నాకు ఒక మాట సెప్పింటే ఏం పోయ్యుండు నీకు?"

అక్కకు తగిలిన పేరు ఈ బిడ్డకు తగలకూడదనుకున్నానని చెప్పబోయాడు. అది జవాబు కాదని తనకే తెలిసింది. మెత్తని నేల మీద నడిపించింది ఎవరికి అమ్మడానికి? కొనేవాడు ఎవడూ లేడు. మోసపోయింది ఒడిలో కూర్చున్న పిల్ల, మూడేళ్లుగా తన తప్పు కానిదాన్ని మోసుకుంటూ బస్సెక్కిన ఈ తల్లి.

తెల్లవారి వసుధ కంపెనీ బస్సు ఎక్కలేదు. హారను రెండుసార్లు మోగి పోయింది. ముగ్గురూ మునీశ్వరి ఇంటికి పోయారు.

"ఎరుపు పెట్టించమ్మా" అన్నాడు రెడ్డెప్ప.

మునీశ్వరి ఆయనను చూసి, వసుధను చూసి, చెప్పులు వేసుకుంది. "ఫోన్లో పోయిన రంగు నా సేతిలో లేదు సిన్నాయనా. మేడం ఈ పొద్దు పుంగనూరు ఆఫీసులో ఉంటాది. రాండి పోదాం. కోప్పడితే పడనీ."

మేడమ్ కోప్పడలేదు. ఫ్యాను కింద కుర్చీలో, చల్లారిన టీ ముందు పెట్టుకుని అంతా వింది. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

"ఎరుపు తీసి పచ్చ పెట్టండి అని వచ్చేవాళ్లకు లెక్కలేదు. పచ్చ తీసి ఎరుపు పెట్టమన్నవాళ్లు మీరే. నిన్న తలుపు మూసి రమ్మన్నప్పుడే నేను ఆగి ఉండాల్సింది. సరే. మాట మీద మార్చలేను, మళ్లీ చూడాలి. పాప ఒక్కతే కూర్చోవాలి."

రెడ్డెప్ప భుజం మీది తువ్వాల తీశాడు. మడిచి మునీశ్వరి చేతిలో పెట్టాడు. ఆ గుడ్డ లేకుండా ఆఫీసుల్లోకి, సంతల్లోకి ఆయన ఎప్పుడూ పోయింది లేదు. భుజం చలిగా అనిపించింది. పోయి గోడవార కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద, అందరికీ కనిపించేట్టు పెట్టుకున్నాడు.

మేడమ్ నేల మీదికి దిగి కూర్చుంది. గింజలు పోసింది. "ఏడు తీయి తల్లీ."

హరిత ఆమె పెదవులు చూసింది. తరవాత అమ్మను చూసింది. తరవాత తాతను వెతుక్కుని, ఎడమచేయి ఆయనకేసి చాపింది. చిన్న చేయి గాలిలో, వేళ్లు విప్పుకుని, పట్టుకోమని.

రెడ్డెప్ప కదలలేదు.

మేడమ్ లేచి బిడ్డ వెనక్కి పోయి పేరు పెట్టి పిలిచింది. "హరితా." ఇంకొంచెం గట్టిగా పిలిచింది. చప్పట్లు కొట్టింది. బిడ్డ తల తిరగలేదు. చేయి అట్లాగే ఉంది. తాత తనతో ఎందుకు మాట్లాడడం లేదో దానికి అర్థం కాలేదు. ముసలాయన గోళ్లు మోకాలి చిప్పల్లోకి దిగాయి. ఇంత బరువైన బేరం ఆయన బతుకులో తెంచలేదు. ఎద్దులు పోయాయి, ఆవులు పోయాయి, మాట తప్పినవాళ్లు, కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎందరో ఆ చేతిలోంచే పోయారు. ఒకరి చేయి పట్టుకోకుండా కూర్చోవడానికి ఇంత సత్తువ కావాలని ఆయనకు తెలియదు.

చివరికి బిడ్డ చేయి దించేసింది. గింజలు దూరంగా తోసి ఏడుపు మొదలుపెట్టింది.

"చాలు" అంది మేడమ్. ఫోను తీసుకుంది. కొంతసేపు దానితో కుస్తీ పట్టి, "ఎరుపు" అంది మెల్లగా, మునీశ్వరితో. కాగితం తీసి కుప్పానికి చీటీ రాసింది.

వసుధ పోయి కూతురిని ఎత్తుకుంది. మునీశ్వరి తువ్వాల తెచ్చి ఇస్తే రెడ్డెప్ప అందుకుని, పాత అలవాటున ఒకసారి దులిపి భుజాన వేసుకున్నాడు.

సోమవారం పొద్దున పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు కోసం కూర్చున్నారు. వసుధ పోగొట్టుకున్న కూలీ గురించి గానీ, మామ చేసిన పని గురించి గానీ ఎత్తలేదు. రెండు రోజులుగా ఆయనతో అవసరానికి మించి మాట్లాడిందీ లేదు. ఆయన కూడా క్షమించమని అడగలేదు. అడిగే మాటలు ఆయనకు రావు.

అవతల మునిచంద్ర ఎవరి దూడనో తోలుకుని పోతూ కనిపించాడు. "ఏమప్పా, యాడికి?"

"కుప్పం. పాపకు సెవులు సూపించేదానికి."

బస్టాండులో వినిపించేంత గట్టిగానే చెప్పాడు. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. మునిచంద్ర నోట్లో ఏదో పరాచికం ఉన్నట్టుంది, బయటికి రాలేదు. "పోయిరాండి. జనం ఎక్కువ, తొందరగా ఎక్కి సీటు పట్టుకోండి" అని దూడను అదిలించాడు.

బస్సు వచ్చింది. కిటికీ పక్కన వసుధ, ఇవతల రెడ్డెప్ప, మధ్యన హరిత. ఆఫీసులో జరిగినదాని తరవాత బిడ్డ తాత ఒడికి రాలేదు. తువ్వాల వంక కూడా చూడలేదు. బైరెడ్డిపల్లె దాటాక నిద్ర ముంచుకొచ్చి తల అమ్మ మీదికి వాలింది. వసుధ కొంగు కప్పింది. తరవాత ఏదో ఆలోచించి, ఆయన భుజం మీది తువ్వాల అంచు పట్టి లాగింది. బిడ్డ చేయి మీదా తన చేయి మీదా పరుచుకుంది.

"ఎట్ల పట్టాల మామా?" అంది, ఆయన వంక చూడకుండానే. "మిషను పెట్టి మాటలొచ్చేదాకా నేను దీంతో ఏం మాట్లాడేది? సూపించు."

రెడ్డెప్ప చేయి గుడ్డ కిందికి పోయింది. కోడలి చేయి ఆయన ఎన్నడూ తాకింది లేదు. వేలి కొసలు సూది గుచ్చుకుని బిరుసెక్కి ఉన్నాయి. ఆ వేళ్లను తెచ్చి నిద్రపోతున్న బిడ్డ బొటనవేలి మీద పెట్టాడు.

"ఇది ఎద్దు" అన్నాడు.

కుప్పం ఇంకా దూరం ఉంది.